నరం ఒకటే, పుస్తకాలు రెండు

ప్రొద్దుటూరుకు జంటలు కొత్త కాదు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి ఒకే వేదిక మీద కూర్చుని జంటగా అవధానాలు చేసిన ఊరిది. విడివిడిగా కావ్యం రాసినప్పుడు ఒకాయన రాణా ప్రతాపుణ్ణి ఎంచుకుంటే, ఇంకొకాయన శివాజీని ఎంచుకున్నారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఇక్కడి పాత పాఠకుణ్ణి అడిగి చూడండి, తూకం వేయడానికి ఒప్పుకోడు. బంగారం తూచే ఊరివాడికి దేన్ని తూచకూడదో కూడా తెలుస్తుంది.

ఆ మర్యాద పట్టుకునే ఇంకో రెండు జంటల సంగతి మాట్లాడుకుందాం. నర్సింగ్ చదివే అమ్మాయి హాస్టల్ గదిలో ట్రంకుపెట్టె మీద రెండు లావుపాటి పుస్తకాలు కనిపిస్తాయి. మొదటిది జానెట్ రాస్, కాథ్లీన్ విల్సన్ అనే ఇద్దరు బ్రిటిష్ మహిళలు మొదలుపెట్టిన అనాటమీ, ఫిజియాలజీ పుస్తకం, తొలి ముద్రణ 1963. రెండోది లిలియన్ బ్రన్నర్, డోరిస్ సుదార్థ్ అనే ఇద్దరు అమెరికన్ నర్సుల పేరు మీద నడిచే మెడికల్ సర్జికల్ నర్సింగ్, తొలి ముద్రణ 1964. ముద్రణలు మారాయి, రాసేవాళ్ళు మారారు, అట్టమీద పేర్లు మాత్రం నిలిచాయి. పిల్లల నోట్లో ఇవి ‘రాస్’, ‘బ్రన్నర్’. జంటలో రెండో పేరును నాలుక మింగేయడం లోకరీతి.

ఈ రెండు లోకాల్లో ఒకటి మీకు బాగా తెలుసు. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి వరండాలోనో, జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోనో, పులివెందులలోనో, ప్లాస్కు పక్కన పెట్టుకుని ఒక్క రాత్రయినా కూర్చోనివాళ్ళు ఈ చుట్టుపక్కల తక్కువ. సెలైన్ చుక్కలు లెక్కపెట్టడం, కేసు షీటులో అర్థంకాని రాతను తలకిందులుగా చదవబోవడం, “సిస్టరమ్మా, బాటిల్ అయిపోతాంది” అని పరిగెత్తడం, ఇవన్నీ బ్రన్నర్ పుస్తకానికి మీ వైపు నుంచి కనిపించే పేజీలు. కాబట్టి వార్డును మీకు పరిచయం చేయను. ఎప్పుడూ తలుపు మూసి ఉండే రెండో గదిలోకి ముందు వెళ్దాం.

అనాటమీలో మనిషి ఒక్కడే, ఒక్క తీరుగానే నిలబడి ఉంటాడు. నిటారుగా, చూపు ఎదురుగా, చేతులు పక్కన, అరచేతులు మనవైపు తిప్పి. పైన, కింద, ముందు, వెనక అనే మాటలన్నీ ఈ నిలుపు నుంచే లెక్క. అతనికి వయసు లేదు, ఊరు లేదు, నొప్పి అసలే లేదు. ఉన్నవల్లా 206 ఎముకలు, 12 జతల కపాల నాడులు, మణికట్టులో 8 బుల్లి ఎముకలు. రికార్డులో ధమనికి ఎర్ర పెన్సిలు, సిరకు నీలం, నాడికి పసుపు. పేర్లు రాసే గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. ఈ కట్టుబాటులో ముగ్గు వేసే చేతికి తెలిసే అందం ఒకటి ఉంది. ఇంకా పెద్ద అందం దాని సమదృష్టిలో ఉంది. కులం అడగకుండా, వర్గం అడగకుండా అందరికీ ఒకే పటం గీసిన పుస్తకం సీమలో ఇంకోటి దొరకడం కష్టం.

బ్రన్నర్‌లో మనిషి నిలబడి కనిపించడమే అరుదు. వెన్నుకు దిండ్లు పెట్టి కూర్చోబెడితే ఫౌలర్స్ పొజిషన్, ఎడమ పక్కకు ఒత్తిగిల్లి కుడి మోకాలు ముడిస్తే సిమ్స్ పొజిషన్, ఇవి కాక బోర్లా ఒకటి, వెల్లకిలా ఒకటి. అనాటమీకి ఒక్క నిలుపు చాలగా, నర్సింగ్‌కు ఒక్కో బాధకు ఒక్కో భంగిమ కావాలి. అలాగే ప్రశ్నపత్రమూ. అనాటమీ పేపరు గుండె నిర్మాణాన్ని బొమ్మతో వివరించమని ఊరుకుంటుంది. నర్సింగ్ పేపర్లోకి మాత్రం ఒక మనిషి వచ్చి పడుకుంటాడు: మిస్టర్ ఎక్స్, 55 ఏళ్ళు, ఛాతీనొప్పితో చేరాడు, జబ్బును నిర్వచించి, లక్షణాలు చెప్పి, కేర్ ప్లాన్ రాయుము. పేరు లేకపోయినా అతనికి వయసుంది, బాధ ఉంది, చేరిన వేళ ఉంది. అక్కడ ‘గుండె’ అన్నది ఇక్కడ ‘ఇతని గుండె’ అయింది. పుస్తకాల మధ్య ఉన్న దూరమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

అవధానం ఎరిగిన ఊరికి దీన్ని సులువుగా చెప్పొచ్చు. అనాటమీ ధారణ వంటిది. ముక్కలు ముక్కలుగా, వరస తప్పించి అందుకున్నదాన్ని కడకు వరసలో అప్పజెప్పాలి. మణికట్టు ఎముకలకూ, కపాల నాడులకూ తొలి అక్షరాలు కలిపి కొండగుర్తులు కట్టుకోని విద్యార్థిని ఉండదు. నర్సింగ్ అప్రస్తుత ప్రసంగం వంటిది. మందులు పంచుతుంటే ఆరో బెడ్డు సెలైన్ నిండుకుంటుంది, పదో బెడ్డు తాలూకు మనిషి డిశ్చార్జి ఎప్పుడంటాడు, మధ్యలో డాక్టరు రౌండ్సు. అందరికీ బదులిచ్చి, ఆపిన చోటునుంచే మళ్ళీ మందు అందుకోవాలి. ధారణ లేని అవధానికి ప్రసంగం మధ్య పద్యం జారిపోతుంది. అదేవిధంగా ప్రసంగానికి బదులివ్వలేని అవధాని సభలో కూర్చున్నా సభ అతనిది కాదు.

పాఠ్యప్రణాళిక ఈ తేడాను గంటల్లో చెప్పింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన బీఎస్సీ సెమిస్టర్ విధానంలో, తొలి సెమిస్టర్ అప్లైడ్ అనాటమీకి 60 గంటల పాఠం. మూడో సెమిస్టర్ అడల్ట్ హెల్త్ నర్సింగ్ తొలి భాగానికి పాఠం 140 గంటలు, స్కిల్ ల్యాబ్ 40, ఆపైన వార్డులో 480. ఒకటి బెంచీ మీద కూర్చుని నేర్చుకునేది కాగా, ఇంకోటి కాళ్ళు లాగేదాకా నిలబడి నేర్చుకునేది. పేరు మార్పును కూడా గమనించాలి. పాత సిలబస్‌లో దీన్ని మెడికల్ సర్జికల్ నర్సింగ్ అనేవాళ్ళు, అంటే వార్డు తలుపు మీద బోర్డు పేరు. ఇప్పుడది అడల్ట్ హెల్త్, మంచం మీద మనిషి పేరు. అనాటమీకి ఇలా పేరు మార్చుకోవాల్సిన అవసరం రాలేదు. ముందు ‘అప్లైడ్’ అనే తోక ఒకటి తగిలించారు, తోక ముందుకు తగిలించడం విద్యాశాఖలకే చెల్లు.

వంశవృక్షం చూస్తే ఈ ఇద్దరూ అక్కాచెల్లెళ్ళే. హెన్రీ గ్రే అనాటమీ లండన్‌లో 1858లో వచ్చింది. ఫ్లారెన్స్ నైటింగేల్ ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ 1859లో వచ్చింది. ముందు శరీరం, ఏడాదికి సేవ. నూరేళ్ళు దాటాక రాస్, బ్రన్నర్ కూడా అదే వరసలో, అదే ఏడాది ఎడంతో వచ్చాయి. కాకతాళీయమే అనుకోండి, సిలబస్ కూడా ఈ వరసనే పాటిస్తోంది.

అయితే చరిత్రలో అక్క గదికీ చెల్లెలి గదికీ మధ్య గోడ అంత గట్టిది కాదు. శవాల మధ్య బతికి అంత పుస్తకం రాసిన గ్రే, ఇంట్లో పిల్లవాడికి మశూచి సోకితే దగ్గరుండి చూసుకుని, ఆ మశూచితోనే 1861లో పోయాడు. నిండా నలభై రాలేదు. పిల్లవాడు బతికాడు. అనాటమీకి ఆదిగురువు అనదగినవాడు కడకు మంచం పక్కన కూర్చున్నవాడిగా చనిపోయాడు. ఆ పుస్తకానికి బొమ్మలు గీసిన హెన్రీ వాన్‌డైక్ కార్టర్ దారి కూడా అటే. పుస్తకం వెలువడిన 1858లోనే బొంబాయి చేరి, గ్రాంట్ మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పి, ఆనక కుష్ఠు మీదా, మదురా పాదం మీదా పనిచేశాడు. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే రైతుకు ముల్లు గుచ్చుకున్నచోట మొదలై పాదాన్ని తినేసే జబ్బు అది. పేరులేని పాదాన్ని గీసిన చేయి, ఒక రైతు పాదాన్ని పట్టుకుంది.

మన ఇంటి వంశవృక్షంలోనూ ఈ జంట ఉంది. సుశ్రుత సంహిత శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్ళలో ఏడు రోజులు ఉంచి, పొరపొరగా గీకి చూడమంటుంది. చరక సంహిత వైద్యానికి నాలుగు పాదాలు చెబుతుంది: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి నాలుగు గుణాలు పెట్టింది: ఉపచారం తెలియడం, నేర్పు, రోగి మీద ప్రేమ, శుచి. సుశ్రుతుడు ఎముకలు 300 అని లెక్కిస్తే, చరకుడు 360 అన్నాడు. నేటి లెక్క ముందు ఇద్దరి అంకెలూ నిలవలేదు. పరిచారకుడి నాలుగు గుణాల్లో మాత్రం ఒక్కటీ కొట్టేయలేం. దీన్ని బట్టి నర్సింగ్ గెలిచిందనుకోవద్దు. తన అంకెను తానే దిద్దుకోగలగడం అనాటమీ గొప్ప, దిద్దాల్సిన అవసరం రాకపోవడం పరిచర్య గొప్ప.

ఇక భాష. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి వచ్చిన పిల్లకు మొదటి గోడ అనాటమీ పేర్లే. కానీ ఆ లాటిన్ గోడను గీకి చూస్తే వెనక ఉన్నది వంటిల్లు. పటెల్లా అంటే చిన్న పళ్ళెం. క్లావికిల్ అంటే చిన్న తాళంచెవి. టిబియా అంటే పిల్లనగ్రోవి కూడా. తుంటి ఎముక గుంటకు పెట్టిన అసిటాబులం అన్న పేరు పులిసిన ద్రాక్షరసం పోసుకునే గిన్నెది. వెన్నెముక చివరి కాక్సిక్స్ గ్రీకు కోకిల. లాటిన్‌వాడు మోకాలిలో పళ్ళేన్ని చూస్తే, మనవాడు చిప్పను చూసి మోకాలిచిప్ప అన్నాడు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు, గిన్నె మాత్రం ఒకటే. ఈ సంగతి మొదటి రోజే చెప్పే పంతులమ్మ దొరికితే సగం బట్టీ తగ్గుతుంది.

నర్సింగ్ భాష దీనికి ఎదురు నడుస్తుంది. అనాటమీ ఇంటి సామాను తీసుకెళ్ళి లాటిన్ పెట్టెలో పెడితే, నర్సింగ్ ఆ పెట్టె తెరిచి మళ్ళీ ఇంట్లో సర్దుతుంది. డిస్నియా వార్డులోకి రాగానే ఎగపోత, ఎడీమా రాగానే కాళ్ళకు నీరు పట్టడం, పాల్పిటేషన్ రాగానే గుండెదడ. ఈ సర్దడంలో ప్రాణాలు అటూ ఇటూ అవుతాయి. “గ్యాస్ పట్టేసిందమ్మా, ఈడ మంట మండుతాండాది” అని పొట్టకూ రొమ్ముకూ మధ్య చేయి పెట్టిన పెద్దాయనది నిజంగానే గ్యాస్ కావచ్చు, గుండెపోటూ కావచ్చు. గుండె అడుగుభాగం డయాఫ్రమ్ మీద ఆనుకుని ఉంటుందని రాస్ చదివినమ్మకు తెలుసు. ఆ చెమట చూసి వెంటనే ఈసీజీకి పంపాలని బ్రన్నర్ చదివినమ్మకు తెలుసు. ఇద్దరూ ఒక్క అమ్మాయి అయితేనే పెద్దాయనకు మేలు.

మెచ్చుకున్నాక లోపాలూ చెప్పాలి. పరీక్ష రెండింటినీ చెడగొడుతుంది, చెరో విధంగా. జిరాక్స్ సెంటర్లో కొన్న ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పట్టుకుని రాత్రికి రాత్రి మింగిన అనాటమీ, హాలు బయటికి రాగానే ఆవిరి. బొమ్మ ఒక్కటి మిగిలినా, అది తన ఒంట్లోనే ఎక్కడుందో ఆ అమ్మాయి తడిమి చూసుకోదు. నర్సింగ్ జవాబుకు పట్టే తెగులు వేరు. ఏ జబ్బు అడిగినా అవే నాలుగు వాక్యాలు: సౌకర్యంగా పడుకోబెట్టాలి, ధైర్యం చెప్పాలి, వైటల్స్ చూడాలి, డాక్టరు చెప్పిన మందులు ఇవ్వాలి. పెళ్ళిపత్రికలో వధూవరుల పేర్లు మార్చినట్టు జబ్బు పేరు మార్చి రాస్తారు. అనాటమీ మనిషిని మరిచి అవయవాన్ని బట్టీ పడితే, నర్సింగ్ మనిషి పేరు చెప్పి మనిషిని మరుస్తుంది. రెండో తప్పు కొంచెం ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే అది ప్రేమ మాటల్లో దాక్కుంటుంది. మొదటి తప్పు అంతే ప్రమాదం, ఎందుకంటే దానికి మార్కులు పడతాయి.

ఇంకో తేడా ప్రయాణంలో ఉంది. రెండు పుస్తకాలూ సముద్రాలు దాటి వచ్చినవే. లండన్ మిషనరీ సొసైటీ వైద్యుడి పేరు మోస్తున్న జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి కూడా దాటి వచ్చిన ఆలోచనే. ఆ మిషన్ ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసరుగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టారు. ఎక్కడెక్కడినుంచో వచ్చిన విద్యకు ఇక్కడి మంచం ఇలా దొరుకుతూ వచ్చింది. అనాటమీ ఆ ప్రయాణంలో ఏమీ మారనక్కర్లేదు. ఎడింబరోలో మూత్రపిండం, ఎర్రగుంట్లలో మూత్రపిండం ఒకటే, ఒక్కోదానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు. నర్సింగ్ మాత్రం దిగిన ఊరి నీళ్ళు తాగాలి. కిడ్నీలు చెడినవాడికి పొటాషియం తగ్గించమని బ్రన్నర్ చెబుతుంది. పులివెందుల వైపు రోగిని చూడవచ్చే చుట్టం చేతిలో ఏముంటాయి? అరటిపండ్లు, చీనీకాయలు, దారిలో కొట్టించిన టెంకాయ నీళ్ళు. మూడింటిలోనూ పొటాషియమే. నెఫ్రాన్ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. ఆ సంచి చూసి “అక్కా, ఇవి ఇంటికి తీసుకుపోండి, ఆయనకు పెట్టొద్దు” అని నొప్పించకుండా చెప్పాలంటే నెఫ్రాన్ బొమ్మా కావాలి, ఊరి మర్యాదా కావాలి.

ఇక్కడినుంచి రెండు దారులూ దగ్గరవుతాయి. పిరుదు మీద సూది వేసే చోటే చూడండి. తొడ వెనకనుంచి కాలిలోకి దిగే సయాటిక్ నాడి ఒంట్లోకెల్లా లావైనదనీ, పిరిఫార్మిస్ కండరం కిందినుంచి బయటపడుతుందనీ రాస్ వైపు పాఠం. పిరుదును మనసులో నాలుగు గడులు చేసి పైన, బయటి గడిలోనే గుచ్చాలని బ్రన్నర్ వైపు పాఠం. మొదటిది కారణం, రెండోది ఆజ్ఞ. కారణం తెలియని ఆజ్ఞ లావాటి మనిషి దగ్గరా, బక్క మనిషి దగ్గరా ఒకేలా గుచ్చుతుంది. అలాగే ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు. అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లని అనాటమీ చెబుతుంది. నర్సు ఆ అంకెను నమ్ముకుని కూర్చోదు. ట్యూబునే తీసుకుని ఆ రోగి ముక్కు కొసనుంచి చెవి తమ్మెకు, అక్కడినుంచి రొమ్ము ఎముక చివరకు పట్టి కొలిచి గుర్తు పెడుతుంది. అనాటమీ కొలబద్దతో కొలిస్తే, నర్సింగ్ మనిషినే కొలబద్ద చేసుకుంటుంది. అయినా కొలవాల్సిన ఆ మూడు గుర్తులనూ చూపించింది అనాటమీనే.

గండికోట దగ్గర పెన్నను చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఎర్రమల కొండను కోసి పొరలు చూపించే లోయ అనాటమీలా ఉంటుంది, కదలదు. అడుగున నది ఒక ఏడు నిండుగా, ఒక ఏడు ఇసుకగా, వార్డులా రోజుకో తీరుగా ఉంటుంది. లోయ నదికి దారి చూపుతోంది అంటాం. ఆ లోయను కోసింది నదే అన్నది కూడా అంతే నిజం. ఎముకకైనా రూపు ఇచ్చేది దానిమీద పడే బరువే.

చివరగా, మోచేతి మడత. సూది కోసం అందరూ వెతికే చోటు. పైన చర్మం కింద మీడియన్ క్యూబిటల్ సిర. దాని అడుగున పలచటి పొర. ఆ పొర కింద బ్రేకియల్ ధమని, మీడియన్ నాడి, పక్కన బైసెప్స్ స్నాయువు. అంగుళమంత చోటులో నాలుగు వేరు వేరు వస్తువులు, రికార్డులో నాలుగు రంగులు. తెలుగువాడి నోట్లో మాత్రం వీటిలో చాలావాటికి ఒకటే మాట: నరం. రక్తం తీస్తే నరం, జివ్వుమంటే నరం, బెణికితే నరం, వణికితే నరాల బలహీనత. బడి పుస్తకం నాడి అని నరాల మండలాన్ని చూపిస్తే, ఊరి వైద్యుడు నాడి అని ధమనిని పట్టుకున్నాడు. అనాటమీ పాఠమంతా ఈ ఒక్క మాటను నాలుగుగా చీల్చడానికే అన్నట్టు ఉంటుంది. పరీక్షలో ఆ చీలికకే మార్కులు.

మూడో సెమిస్టర్ అమ్మాయి, మార్నింగ్ డ్యూటీ. మంచం మీద డెబ్భై దాటిన రైతు, ఎండకు వడిలి ముడతలు పడిన చేయి. ముసలివాళ్ళ సిర చర్మం కింద జారిపోతుందని తెలుసు కాబట్టి బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి పట్టింది. పైన రబ్బరు పట్టీ కట్టి, చేయి కిందికి వేలాడేసి, పిడికిలి బిగించమంది. వేలికొసతో నొక్కి చూసింది: కొట్టుకుంటే ధమని, తాడులా గట్టిగా ఉంటే స్నాయువు, మెత్తగా పైకి లేస్తే తనకు కావాల్సింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

“నరం దొరికిందామ్మా?”

పరీక్షలో ఆ మాట రాస్తే సున్నా. అమ్మాయికి అది బాగా తెలుసు.

“దొరికింది పెద్దాయనా.”